ఫ్యాక్టరీలో ఉద్యోగాల కోత: కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నప్పుడు ఎలా నడుచుకోవాలి

కంపెనీ నోటీసు బోర్డు మీద ‘పునర్వ్యవస్థీకరణ’ అన్న మాట కనబడిన వారం నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. పటాన్‌చెరు నుంచి కావచ్చు, జీడిమెట్ల నుంచి కావచ్చు, గాజువాక నుంచి కావచ్చు, అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. "హెచ్‌ఆర్ వాళ్లు లోపలికి పిలిచి కాగితం ఇచ్చారు. ఈ సాయంత్రంలోగా సంతకం పెడితేనే డబ్బు అంటున్నారు. పెట్టాలా, వద్దా?"

ఆ రోజు పెట్టవద్దు. ఇంటికి తీసుకువెళ్లి చదివి చెబుతానని మర్యాదగా చెప్పి బయటికి రండి. ఒక్క రాత్రి ఆగినంత మాత్రాన మీకు రావలసిన చట్టబద్ధమైన బాకీ ఏదీ రద్దు కాదు.

మా తమ్ముడు వాహనాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో పదకొండేళ్లకు పైగా పనిచేశాడు. పిలిచిన రోజున కాగితం అడుగున ఉన్న మొత్తం చూశాడు, పైన ఉన్న పేరు చూడలేదు. అది రాజీనామా పత్రం. చేతికి వచ్చిన సొమ్ములో సగానికి పైగా అతని గ్రాట్యుటీయే. ఏ కాగితం మీద సంతకం పెట్టినా, పెట్టకపోయినా వచ్చే డబ్బు అది. కింద రాసినదంతా ఆ పొరపాటు మీకు జరగకూడదని రాసినదే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కోత గురించి వదంతి మొదలైన రోజే వీటిని పోగుచేయండి. కాగితం ఇచ్చిన రోజున గేటు పాసు, కంపెనీ ఈమెయిల్, హాజరు యాప్ అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

- నియామక పత్రం, పర్మనెంట్ చేసిన ఉత్తర్వు
- గత 12 నెలల పే స్లిప్పులు (కనీసం చివరి మూడు నెలలవి తప్పనిసరి)
- జీతం పడే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్
- పీఎఫ్ పాస్‌బుక్ కాపీ, యూఏఎన్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు
- మిగిలి ఉన్న సెలవుల లెక్క, హాజరు వివరాలు
- యూనియన్‌కు, యాజమాన్యానికి మధ్య కుదిరిన చివరి వేతన ఒప్పందం కాపీ

ఇవన్నీ మీకు సంబంధించిన కాగితాలు. డ్రాయింగులు, ఉత్పత్తి వివరాలు, కస్టమర్ల ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు. అవి మీ ఫోనులో దొరికితే క్రమశిక్షణ చర్య అంటారు, అప్పుడు విషయం వేరే దారి పడుతుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ ఖాతాలకు కంపెనీ ఇచ్చిన ఫోను నంబరు ఉంటే ఈ రోజే మీ సొంత నంబరుకు మార్చుకోండి.

1. కాగితం పేరు చదవండి

అంకెల కంటే ముందు శీర్షిక, మొదటి రెండు వాక్యాలు చదవండి. మీ చేతికి వచ్చేది ఈ నాలుగింటిలో ఒకటి అయి ఉంటుంది.

రాజీనామా: "నా వ్యక్తిగత కారణాల వల్ల" అని మీ నోటి మాటగా టైపు చేసి ఉంటుంది. దీని మీద సంతకం పెడితే తొలగింపు పరిహారం ఉండదు, నోటీసు జీతం ఉండదు. మళ్లీ ఉద్యోగాలు తీసినప్పుడు ముందు మిమ్మల్ని పిలవాలన్న హక్కూ ఉండదు. ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి కూడా పోతుంది.

స్వచ్ఛంద పదవీ విరమణ, అంటే వీఆర్ఎస్: ఇది ఒప్పందం. మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. అయిదో మెట్టులోని లెక్క చేసిన తరువాతే తేల్చుకోవాలి.

రిట్రెంచ్‌మెంట్, అంటే తొలగింపు: కంపెనీ తన కారణాలతో మిమ్మల్ని తీసేస్తున్నట్లు ఒప్పుకునే కాగితం. చదవడానికి కష్టంగా ఉంటుంది కాని మీకు ఎక్కువ రక్షణ ఉన్నది దీనిలోనే.

లేఆఫ్: వార్తల్లో ఉద్యోగం పోవడాన్నంతా లేఆఫ్ అంటున్నారు. మన కార్మిక చట్టంలో దాని అర్థం వేరు. ముడిసరుకు లేకనో, యంత్రం చెడిపోయో తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం అది. ఉద్యోగ సంబంధం తెగదు. ఆ రోజులకు అర్హులైన కార్మికులకు మూలవేతనం, డీఏ (కరవు భత్యం)లలో సగం రావాలి. లేఆఫ్ కాగితం చూసి ఉద్యోగం పోయిందనుకుని వేరే ఊరు వెళ్లిపోయినవారు ఉన్నారు. పిలిచినప్పుడు హాజరు కాలేదని తరువాత వారి పేరే కొట్టేస్తారు.

2. చట్టం దృష్టిలో మీరు ‘వర్కర్’ అవునో కాదో చూసుకోండి

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. తొలగింపు విషయంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల స్మృతి ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే చాలా వ్యాసాలు పాత చట్టం ప్రకారం రాసినవి. ‘వంద మంది కార్మికులు’, ‘మూడేళ్ల గడువు’ అని కనబడితే అది పాత లెక్క అని గుర్తుపట్టండి.

చేతిపని, నైపుణ్యం, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవారంతా వర్కర్లే. మేనేజర్లు కారు. సూపర్‌వైజరు పని చేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం తీసుకునేవారూ కారు. ఇక్కడ చూసేది హోదా పేరు కాదు, మీరు రోజూ చేసే పని. కార్డు మీద ‘ఎగ్జిక్యూటివ్’ అని ఉండి, ఎనిమిది గంటలూ లేత్ దగ్గర నిలబడే మనిషి వర్కరే అని వాదించవచ్చు. ఈ మధ్య హోదాలు ఉదారంగా పంచుతున్నది ఎందుకో కూడా ఆలోచించండి. షిఫ్టు చార్టులు, యంత్రం లాగ్‌బుక్కులో మీ పేరున్న పేజీలు మీకు సాక్ష్యం.

మీరు మేనేజర్ అయితే నియామక పత్రంలోని నోటీసు షరతు, గ్రాట్యుటీ, పీఎఫ్, సెలవుల సొమ్ము, వీటి మీద దృష్టి పెట్టండి.

3. కర్మాగారంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి

గత 12 నెలల్లో సగటున రోజుకు 300 లేదా అంతకు మించి వర్కర్లు ఉన్న కర్మాగారమైతే, తొలగించడానికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. మూడు నెలల నోటీసు లేదా ఆ మూడు నెలల వేతనం ఇవ్వాలి. దరఖాస్తు పెట్టిన 60 రోజుల్లో ప్రభుత్వం ఏమీ చెప్పకపోతే అనుమతి వచ్చినట్లే పరిగణిస్తారు. అందుకే దరఖాస్తు పెట్టారని తెలిసిన వారంలోనే యూనియన్ తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. అనుమతి లేకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదు.

300 కన్నా తక్కువ ఉంటే ముందస్తు అనుమతి అవసరం లేదు. ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవారికి కారణాలు చూపిస్తూ ఒక నెల రాతపూర్వక నోటీసు లేదా నెల వేతనం, దానితోపాటు పరిహారం ఇవ్వాలి. ప్రభుత్వానికి సమాచారమూ ఇవ్వాలి. ‘ఏడాది నిరంతర సర్వీసు’ అంటే 365 హాజరులు అనుకోకండి. గడచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే చాలు.

4. సీనియారిటీ జాబితా అడగండి

చివర చేరినవారు ముందు వెళ్లాలన్నది సాధారణ నియమం. మొత్తం కంపెనీలో కాదు, మీ విభాగపు పనివారిలో చూడాలి. ఫిట్టర్లలో మీకన్నా జూనియర్‌ను ఉంచి మిమ్మల్ని తీస్తే, కంపెనీ దానికి కారణం రికార్డు చేసి ఉండాలి. జాబితా కాపీ ఇవ్వమని ఒక పేరా లేఖ రాయండి, బోర్డు మీద పెట్టి ఉంటే ఫోటో తీసుకోండి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. కోతకు రెండు మూడు నెలల ముందు కొందరిని వేరే విభాగానికి మారుస్తారు, వారు ఆ కొత్త విభాగంలో ‘చివర చేరినవారు’ అవుతారు. మీకు అలా బదిలీ వచ్చి ఉంటే ఆ ఉత్తర్వు జాగ్రత్తగా దాచండి. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ సెలవు కారణంగా గాని, సెలవు కాలంలో గాని తీసేయడం చట్టవిరుద్ధమని కూడా గుర్తుంచుకోండి.

5. మీ లెక్క మీరే కట్టండి

కంపెనీ ఇచ్చిన పట్టీ చూడకముందే ఈ లెక్క పూర్తి చేయండి. వారి అంకె ఒకసారి కంటబడితే మన లెక్క దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదట ‘వేతనం’ తేల్చాలి. కొత్త స్మృతుల ప్రకారం మూలవేతనం, డీఏ, రిటైనింగ్ అలవెన్స్ (పని లేని కాలంలో మనిషిని అట్టేపెట్టుకోవడానికి ఇచ్చే భత్యం) కలిపితే వేతనం. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం వంటివి దీనిలోకి రావు. కాని అలా బయట ఉంచిన భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. పే స్లిప్‌లో మూలవేతనాన్ని చిన్నగా చూపించే కంపెనీల్లో పనిచేసేవారికి ఈ ఒక్క మాట వేల రూపాయల తేడా తెస్తుంది.

ఉదాహరణ చూడండి. నెలకు మొత్తం 30,000 రూపాయలు. మూలవేతనం, డీఏ కలిపి 10,000, భత్యాలు 20,000. సగం అంటే 15,000. భత్యాలు అంతకన్నా 5,000 ఎక్కువ ఉన్నాయి, కాబట్టి ఆ 5,000 వేతనంలో కలుస్తుంది. లెక్కకు తీసుకోవలసిన వేతనం 15,000. సర్వీసు 11 ఏళ్ల 8 నెలలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి 12 ఏళ్లు.

- తొలగింపు పరిహారం: ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. 7,500 × 12 = 90,000
- గ్రాట్యుటీ: 15,000 × 15 ÷ 26 × 12 = 1,03,846
- నోటీసు ఇవ్వకపోతే నెల వేతనం: 15,000 (300 మంది ఉన్న చోట మూడు నెలలది, 45,000)
- నైపుణ్య పునఃశిక్షణ నిధి (తొలగించిన వారికోసం కంపెనీ జమచేసేది): చివరి వేతనంలో 15 రోజులది, 7,500

చిన్న కర్మాగారమైతే మొత్తం 2,16,346 రూపాయలు. దీనికి పనిచేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల సొమ్ము, బోనస్ బాకీ కలపాలి. ఇదే మనిషి రాజీనామా మీద సంతకం పెడితే పై నాలుగింటిలో మిగిలేది గ్రాట్యుటీ 1,03,846 మాత్రమే. మిగతా 1,12,500 ఆ సంతకంతో పోతుంది.

సరిచూసుకోవలసినవి: పరిహారాన్ని నెలజీతపు మనిషికి చివరి మూడు పూర్తి నెలల సగటు మీద కడతారు, ఆ మూడు నెలల్లో ఉత్పత్తి లేదని జీతం కోసి ఉంటే వెంటనే ప్రశ్నించండి. సర్వీసు మొదలైన తేదీ పర్మనెంట్ అయిన రోజు కాదు, కంపెనీ పేరోలులో చేరిన రోజు. 26తో భాగించడం గ్రాట్యుటీకి మాత్రమే, 30తో భాగించి ఇస్తే తక్కువ వచ్చినట్లు. ఇక అందరికన్నా ఎక్కువగా మోసపోయే చోటు: గ్రాట్యుటీని ‘ప్రత్యేక ప్యాకేజీ’లో కలిపి ఒకే అంకెగా చూపించడం. ప్రతి పద్దును విడిగా రాసి ఇమ్మని అడగండి. విడిగా ఇవ్వడానికి నిరాకరిస్తే ఎక్కడో తక్కువ ఉందనే అర్థం.

6. సంతకం చేయవలసి వస్తే ఇలా చేయండి

తొలగింపు పత్రాన్ని తీసుకోవడానికి నిరాకరించవద్దు. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపుతారు. మీకు కలిసొచ్చేది ఏమీ ఉండదు. అందుకున్నందుకు సంతకం వేరు, ఒప్పుకున్నందుకు సంతకం వేరు. "అభ్యంతరం తెలుపుతూ అందుకున్నాను" అని మీ చేతిరాతతో రాసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టండి. ఒక కాపీ అడగండి, ఇవ్వకపోతే ఫోటో తీయండి. తీయనివ్వకపోతే బయటికి రాగానే జరిగింది జరిగినట్లు కంపెనీకి ఈమెయిల్ చేయండి.

చెక్కు ఇస్తే లేదా ఖాతాలో డబ్బు వేస్తే వాడుకోవచ్చు. అయితే "ఈ మొత్తాన్ని నా హక్కులకు భంగం లేకుండా, పాక్షిక చెల్లింపుగా తీసుకుంటున్నాను" అని అదే రోజు ఒక లేఖ పంపండి. ‘ఇకపై నాకు ఏ క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఎక్కడైనా ఉంటే అక్కడ ఆగిపోండి.

బెదిరించి రాజీనామా రాయించుకుంటే? ఆలస్యం చేయకండి. మరుసటి రోజే రాజీనామాను ఉపసంహరించుకుంటున్నట్లు, ఒత్తిడితో రాయించారని, ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో రాసి ఈమెయిల్‌లోనూ పోస్టులోనూ పంపండి, కాపీ లేబర్ ఆఫీసుకు ఇవ్వండి. నెల తరువాత చెప్పే మాటకు ఆ బలం ఉండదు.

7. వీఆర్ఎస్ ఇస్తామంటే బేరమాడండి

చట్టం చెప్పే 15 రోజులు కనీసం మాత్రమే. ఫోర్డ్ సంస్థ 2021 సెప్టెంబరులో భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది. చెన్నై దగ్గర మరైమలై నగర్ కర్మాగారంలో కార్మికులు నెలల తరబడి చర్చలు సాగించాక, 2022లో కుదిరిన పరిహారం ఈ కనీసానికి ఎన్నో రెట్లు. ఒక్కొక్కరుగా హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లినవారికి ఇటువంటి అంకె వస్తుందని నేను అనుకోను. యూనియన్ లేకపోయినా మీ విభాగంలో పదిమంది కలిసి ఒకే లేఖ ఇవ్వండి.

అడగవలసినవి: మొత్తం జీతం మీద లెక్క, కుటుంబ ఆరోగ్య బీమా ఏడాది కొనసాగింపు, కంపెనీ క్వార్టర్స్‌లో పిల్లల చదువు సంవత్సరం ముగిసేవరకు ఉండే అనుమతి, సహకార సంఘం అప్పు మీద వడ్డీ మినహాయింపు. నోటిమాటగా ఇచ్చిన హామీని లెక్కలోకి తీసుకోవద్దు.

పన్ను విషయం క్లుప్తంగా: అర్హమైన వీఆర్ఎస్ సొమ్ములో 5 లక్షల వరకు మినహాయింపు ఉంది, అది జీవితంలో ఒక్కసారే. తొలగింపు పరిహారానికి, చట్టం లెక్క ప్రకారం వచ్చే మొత్తం మేరకు 5 లక్షలు దాటకుండా మినహాయింపు. ప్రైవేటు ఉద్యోగులకు గ్రాట్యుటీ 20 లక్షల వరకు, ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే సెలవుల సొమ్ము 25 లక్షల వరకు నిర్ణీత లెక్కకు లోబడి మినహాయింపు పొందుతాయి.

8. బయటికి వచ్చిన నెలలో చేయవలసిన పనులు

పీఎఫ్: ఉద్యోగం వదిలిన తేదీ పోర్టల్‌లో పడిందేమో చూడండి. అది లేకపోతే క్లెయిమ్ ముందుకు కదలదు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ ధర్మకర్తల మండలి తీసుకున్న నిర్ణయం ప్రకారం నిరుద్యోగులు 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగిలినది 12 నెలల తరువాత, పెన్షన్ సొమ్ము 36 నెలల తరువాత. నా సలహా ఏమిటంటే, పెన్షన్ భాగాన్ని ముట్టుకోకండి. పదేళ్ల సర్వీసు పూర్తయితే 58వ ఏట నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. తొమ్మిదేళ్ల దగ్గర తీసేసుకుని తరువాత బాధపడినవారిని చూశాను. అయిదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది. కంపెనీ కుదించుకోవడం వల్ల ఉద్యోగం పోయినవారికి మినహాయింపు ఉంది. రాజీనామా కాగితం ఇక్కడ కూడా అడ్డు పడుతుంది.

ఈఎస్‌ఐ: మీ జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతూ ఉంటే బ్రాంచి కార్యాలయానికి వెళ్లి రెండు పథకాల గురించి అడగండి. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద రిట్రెంచ్‌మెంట్ లేదా మూసివేత వల్ల ఉద్యోగం పోయినవారికి 24 నెలల వరకు భృతి వస్తుంది. మొదటి 12 నెలలు సగటు వేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం. కనీసం రెండేళ్లు చందా కట్టి ఉండాలి. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద జీవితంలో ఒకసారి, 90 రోజుల వరకు 50 శాతం. ఇది గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి ప్రస్తుత గడువును కూడా అడగండి. స్వచ్ఛందంగా వదిలినవారికి ఇవి వర్తించవు. భృతి తీసుకునే కాలంలో కుటుంబానికి ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది, ఇంట్లో మందులు వాడే పెద్దలుంటే ఇది భృతి కన్నా విలువైనది.

కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా ఉంటే, కవర్ ముగియకముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు చేయండి.

9. డబ్బు రాకపోతే, తొలగింపు అన్యాయమనిపిస్తే

క్యాలెండరులో మూడు తేదీలు రాసుకోండి. పనిచేసిన రోజుల జీతం: రెండు పనిదినాల్లో. గ్రాట్యుటీ: 30 రోజుల్లో, దాటితే వడ్డీతో. పునఃశిక్షణ నిధి నుంచి 15 రోజుల వేతనం: 45 రోజుల్లో మీ ఖాతాకు. తొలగింపు పరిహారానికి ఇటువంటి గడువు లేదు, అది తొలగించే నాటికే చెల్లించాలి.

తేదీ దాటితే మొదట కంపెనీకి రాతపూర్వకంగా, ఆ తరువాత కార్మిక శాఖలో ఫిర్యాదు. ప్రైవేటు కర్మాగారాలకు సాధారణంగా రాష్ట్ర కార్మిక శాఖ. విశాఖ ఉక్కు వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు కేంద్ర కార్మిక కమిషనర్ వ్యవస్థ, దాని కార్యాలయం విశాఖపట్నంలోనూ ఉంది. తప్పు కార్యాలయానికి వెళ్లి నెలలు పోగొట్టుకోవద్దు.

తొలగింపును ప్రశ్నించడానికి యూనియన్ తోడు ఉండాలన్న నియమం లేదు, ఒక్కరే వివాదం లేవనెత్తవచ్చు. రాజీ అధికారి (ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే కార్మిక శాఖ అధికారి) దగ్గర దరఖాస్తు పెట్టిన 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మొత్తం గడువు తొలగించిన తేదీ నుంచి రెండేళ్లు.

కాంట్రాక్టు కార్మికులకు: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ చెల్లించాలి, ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయండి. నిర్ణీత కాలపు నియామకమైతే గడువు ముగియడం తొలగింపు కిందికి రాదు. కాని కొత్త స్మృతి ప్రకారం ఏడాది పనిచేసినా గ్రాట్యుటీ వస్తుంది. అయిదేళ్లు నిండలేదు కాబట్టి మీకు గ్రాట్యుటీ రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే లేబర్ ఆఫీసుతో పాటు మరొక పని ఉంది. పత్రికా ప్రకటనలో ఇచ్చిన గడువులోగా రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు (దివాలా ప్రక్రియను నడిపే వ్యక్తికి) మీ బాకీల క్లెయిమ్ పంపాలి. ఎవరో యూనియన్ తరఫున పంపి ఉంటారనుకోకుండా ఆ జాబితాలో మీ పేరు, మొత్తం ఉన్నాయో లేదో కళ్లారా చూడండి.

10. చిరునామా వదిలి రండి

తొలగించిన ఏడాదిలోపు అదే కర్మాగారం మళ్లీ మనుషులను తీసుకుంటే, తొలగించిన కార్మికులకు ముందు అవకాశం ఇవ్వాలి. చాలామందికి ఈ పిలుపు అందదు, ఎందుకంటే ఊరు మారతారు, ఫోను నంబరు మారుతుంది. బయటికి వచ్చేటప్పుడే మీ శాశ్వత చిరునామా, ఇంట్లో ఇంకొకరి ఫోను నంబరు రాసి, తిరిగి చేరడానికి సిద్ధమని ఒక లేఖ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ఆ ఏడాదిపాటు లోపల పనిచేస్తున్న పాత మిత్రులతో మాట్లాడుతూ ఉండండి. గేటు దగ్గర కొత్త ముఖాలు కనబడుతున్నాయని మొదట చెప్పేది వాళ్లే.